రెండు సిలిండర్లలో ఏది ఎక్కువ?

2021వ సంవత్సరము మే నెలలో తమ యింట జరిగిన ఒక సంగతిని ఒక శ్రోత కొంత కాలము గడచిన పిదప మాకు ఉత్తరముగా వ్రాసిరి. ఉత్తరము నాలుగు పుటలు. మూడు పుటలలో ఆ రాత్రి వృత్తాంతము ఉన్నది. నాలుగవ పుటలో ఒక ప్రశ్న ఉన్నది. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుటకే నేటి ప్రసంగము.

వారి తల్లిగారు జ్వరముతో మంచమున పడి శ్వాస అందక బాధపడుచుండిరి. పట్టణములోని ఆసుపత్రులలో పడకలు లేవు. వైద్యుడు వచ్చి చూచి, నిమిషమునకు 5 లీటర్ల చొప్పున ప్రాణవాయువు నీయవలెనని చెప్పి, ఉదయమునకు పడక దొరకవచ్చునని ఆశ కల్పించి వెడలిపోయెను. బంధువులు ఎచ్చటెచ్చటనో తిరిగి రెండు సిలిండర్లు సంపాదించిరి. ఒకటి నడుమెత్తునకు రాని చిన్నది. దానిపై పీడనమును చూపు ముల్లు 150 వద్ద ఉన్నది. రెండవది మనిషి భుజమునంటు పెద్దది. దాని ముల్లు 40 వద్దకు దిగి ఉన్నది. రాత్రి 10 గంటల వేళ వీధి చివరి యింటి అబ్బాయి పరుగున వచ్చి, "మామయ్యగారూ, నాన్నకు ఊపిరి ఆడటం లేదు. రెండింట్లో ఏదో ఒకటి ఇప్పించండి" అని అడిగెను. కాదనుటకు ఎవరికిని నోరు రాలేదు. ఇంటి పెద్దలందరును ముల్లులను చూచి, చిన్నది నిండుగా ఉన్నదనియు, పెద్దది అడుగంటినదనియు నిశ్చయించి, నిండుదానిని తమకుంచుకొని పెద్దదానిని ఆ అబ్బాయికిచ్చి పంపిరి. ఆ ఎంపికలో తమ స్వార్థము కలదని ఆ శ్రోత దాచుకొనక వ్రాసిరి. అట్టి రాత్రి అట్టి స్వార్థమును తప్పుపట్టువారెవరు?

చిన్న సిలిండరు తెల్లవారుజామున 3 గంటలకు ఆగిపోయినది. మరియొకటి వచ్చునప్పటికి 4 గంటలైనది. నడుమనున్న ఆ గంట ఎట్లు గడచినదో ఆయన వ్రాయలేదు. తల్లిగారు బ్రదికి బయటపడిరని మాత్రము ఒక వాక్యమున్నది. వీధి చివరి యింటిలో పెద్ద సిలిండరు, అదే ధారతో వాడుచుండగా, 4 గంటలు దాటిన పిదపగాని ఆగలేదని తరువాత తెలిసినదట. "నిండుది ముందు అయిపోయి, అడుగంటినది తరువాతి దాక ఎట్లు నిలిచినది? మేము చేసిన పొరపాటేమి?" ఇదియే నాలుగవ పుటలోని ప్రశ్న.

పొరపాటు లెక్కలో లేదు. వారు లెక్కయే వేయలేదు. పొరపాటు ఒక మాటలో ఉన్నది. ఆ మాట "నిండు".

మన యిండ్లలోని కొలతలన్నియు ధాన్యమునకును ద్రవములకును ఏర్పడినవి. గాదెలో వడ్లు ఎంతమట్టునకున్నవో కంటితో చూచి చెప్పగలము. తలకొట్టి కొలిచిన కుంచము నిండు కుంచము, సగమువరకున్నది సగము కుంచము. నూనె డబ్బాను ఊపినచో అడుగున ఎంత మిగిలినదో చెవికి తెలియును. వాయువునకు ఈ మర్యాద లేదు. ఎంత కొంచెముగా పోసినను పాత్రనంతటిని అది ఆక్రమించును. సగమువరకు వాయువు, దానిపైన ఏమియు లేదు అను స్థితి ఎన్నడును ఉండదు. కావున వాయువున్న సిలిండరు ప్రతిదియు ఎల్లప్పుడును నిండుగనే ఉన్నది. లోపల అణువులు ఒత్తుగా ఉన్నవా, పలుచగా ఉన్నవా అనుటలోనే భేదమంతయు.

ముల్లు చెప్పునది ఆ ఒత్తిడిని మాత్రమే. పెండ్లివారింట చిన్న గదిలో నలుబదిమంది క్రిక్కిరిసి ఉండవచ్చును. వెలుపలి పందిరిలో నూర్గురు విడివిడిగా కూర్చుండి ఉండవచ్చును. గదిలో త్రొక్కిసలాటగా ఉన్నది గనుక జనమచ్చటనే ఎక్కువయని విస్తళ్ళన్నియు గదిలోనికి పంపినచో పందిరిలోని వారు పస్తుందురు. ఎంత ఒత్తుగా ఉన్నారో తెలిసిన చాలదు. ఎంత చోటున ఉన్నారో కూడ తెలియవలెను. రెండింటిని గుణించినగాని లెక్క తేలదు.

ఆ గుణకారమును ఇప్పుడు చేయుదము. మన దేశమున వాడుకలోనున్న చిన్నరకపు వైద్య సిలిండరు లోపలి చోటు సుమారు 10 లీటర్లు. పెద్దరకపు దానిలోపలి చోటు సుమారు 47 లీటర్లు. ముల్లు సూచించు అంకె, వెలుపలి గాలి పీడనమునకు లోపలి పీడనము ఎన్ని రెట్లు అధికమో తెలుపునదిగా ఎంచుకొనవచ్చును. 10ని 150తో గుణించిన 1,500 లీటర్లు. 47ను 40తో గుణించిన 1,880 లీటర్లు. అడుగంటినదని ఇచ్చివేసిన సిలిండరులోనే 380 లీటర్లు ఎక్కువ. నిమిషమునకు 5 లీటర్ల వంతున 1,500 లీటర్లు 300 నిమిషములు వచ్చును. అనగా సరిగా 5 గంటలు, రాత్రి 10 నుండి 3 వరకు. 1,880 లీటర్లు 6 గంటల 16 నిమిషములు వచ్చును. ఆ యింటి గోడగడియారము మా లెక్కకు సాక్ష్యము పలుకుచున్నది.

ఈ గుణకారము చూచుటకు ఇంత సులభముగా ఉన్నను, ఇది చెల్లునని మనుష్యులకు తెలియుటకు నూటయేబది ఏండ్లకు తక్కువ పట్టలేదు. 1662లో రాబర్ట్ బాయిల్, వంచిన గాజుగొట్టములో కొంత గాలిని బంధించి, పాదరసము పోయుచు, గాలిని సగము చోటునకు అణచినచో దాని పీడనము రెట్టింపగునని ప్రకటించెను. వేడిమి సంగతి అప్పటికి తేలలేదు. ఉదజని నింపిన బెలూనులో 1783లో పారిసు నుండి ఆకాశమునకెగసిన జాక్ చార్లెస్, వాయువులన్నియు వేడికి ఒకే తీరున వ్యాకోచించునని గమనించియు అచ్చువేయలేదు. 1802లో గే-లుసాక్ తాను స్వయముగా కొలిచి ప్రకటించుచు, చార్లెస్ పేరును మరువక చెప్పెను. ఇట్టి నిజాయితీ శాస్త్రలోకమున సైతము సులభముగా దొరకునది కాదు.

అసలు మర్మమును పట్టుకొన్నవాడు ఇటలీ దేశీయుడగు అవొగాడ్రో. ఆయన మొదట న్యాయశాస్త్రము చదివి, పిదప భౌతికశాస్త్రమునకు మరలినవాడు. ఒకే ఉష్ణోగ్రతయు ఒకే పీడనమును కలిగిన వాయువులు ఏవియైనను, సమానమైన చోటులో సమాన సంఖ్యగల అణువులుండునని 1811లో ఆయన వ్రాసెను. అణువు బరువైనదా, తేలికయా అనుదానితో నిమిత్తము లేదు. ఈ మాట మొదట వినినప్పుడు నమ్మబుద్ధి కాదు. ఒక గంపలో గుమ్మడికాయలెన్ని పట్టునో ఉసిరికాయలును అన్నియే పట్టునని చెప్పినట్లున్నది. కాని వాయువు గంప వంటిది కాదు. మన గదిలోని గాలిలో ఒక అణువునకును మరియొక అణువునకును నడుమ ఎడము, అణువు వెడల్పునకు సుమారు పదిరెట్లుండును. గదియంతయు దాదాపుగా వట్టి చోటే. అందులో తిరుగాడు గుమ్మడికాయ యైనను, ఉసిరికాయ యైనను, చోటు విషయమున ఒక్కటే.

తోటి రసాయనశాస్త్రజ్ఞులు ఆయన మాటను పట్టించుకొనలేదు. 1834లో క్లాపెరాన్ అను ఫ్రెంచి ఇంజనీరు బాయిలు సూత్రమును, గే-లుసాక్ సూత్రమును ఒక్క సమీకరణముగా కలిపెను. అవొగాడ్రో 1856లో మరణించెను. నాలుగేండ్ల పిదప జర్మనీలోని కార్ల్‌స్రూహె నగరమున జరిగిన రసాయనశాస్త్రజ్ఞుల మహాసభలో కానిజారో అను మరియొక ఇటలీవాడు ఆయన మాటను పునరుద్ధరించెను. నేడు ప్రపంచమందలి ప్రతి రసాయనశాలలోను పలుకబడు పేరు గలవాడు, ఆ గౌరవమును కన్నులార చూడలేదు.

ఈ మువ్వురు నలుగురి శ్రమఫలమునే ఆదర్శవాయు సూత్రమందురు. పీడనమును ఘనపరిమాణముతో గుణించి, పరమ ఉష్ణోగ్రతతో భాగించినచో, వచ్చు అంకె అణువుల సంఖ్యకు అనుపాతమున ఉండును. బడిలో దీనిని పీవీ ఈజీక్వల్టు ఎన్నార్టీ అని వల్లెవేయింతురు. మేమును వల్లెవేసినవారమే. దానిలోని స్థిరరాశిని కంఠస్థము చేయలేక ఎందరో విద్యార్థులు ఈ సూత్రమును ద్వేషింతురు. కాని రెండు పాత్రలలోని వాయువులను పోల్చునప్పుడు ఆ స్థిరరాశితో పనియే లేదు. అది రెండు వైపులను ఉండుట చేత కొట్టివేయబడును. రెండు సిలిండర్లును ఒకే వసారాలో ఉన్నచో ఉష్ణోగ్రతయు కొట్టివేయబడును. మిగిలినది ఇందాక మనము చేసిన గుణకారమే.

ఉష్ణోగ్రత వేరైనచో మాత్రము జాగ్రత్త వహింపవలెను. ఉదయము నీడలో 27 డిగ్రీల వద్ద ముల్లు 150 చూపిన సిలిండరును మన రోహిణీకార్తె ఎండలో వాకిట నిలిపి, అది 47 డిగ్రీలకు వేడెక్కినదనుకొందము. ముల్లు 160 చూపును. లోపల ఒక్క అణువైనను పెరుగలేదు. ఉన్నవే మరింత వేగముగా గోడలను తాకుచున్నవి. ఈ లెక్కకు సెంటీగ్రేడు అంకెలు పనికిరావు. 273 కలిపి పరమ ఉష్ణోగ్రతను చేసుకొనవలెను: 27 అనగా 300, 47 అనగా 320. 300కు 150 అయినచో 320కి 160. ఆ 273ను మరచి, 20 డిగ్రీల నుండి 40 డిగ్రీలకు పోయిన వాయువు పీడనము రెట్టింపగునని మేమొకసారి పరీక్షలో వ్రాసి, ఎఱ్ఱసిరాతో దిద్దించుకొంటిమి. ఆ ఎఱుపు నేటికిని కన్నులకు కట్టినట్లున్నది.

ఆ శ్రోత యింట పెద్ద సిలిండరు ఎండలో ఉండినదనియే అనుకొన్నను తీర్పు మారదు. 47 డిగ్రీల వద్ద చూపిన 40, 27 డిగ్రీల వద్ద 37న్నర. దానిని 47తో గుణించిన 1,760కి పైమాటే.

ఇచ్చట నిజాయితీగా చెప్పవలసిన మాట యొకటి ఉన్నది. ఆదర్శ వాయువనునది లోకమున ఎచ్చటను లేదు. అణువులు ఒండొంటిని కొంచెము ఆకర్షించుకొనును, తమకై కొంచెము చోటును కోరును. ఈ రెండింటిని లెక్కలోనికి తెచ్చి సూత్రమును సవరించినవాడు హాలెండు దేశీయుడు వాన్ డెర్ వాల్స్, 1873లో. 150 రెట్ల పీడనమున ప్రాణవాయువు విషయములో ఆ సవరణ ఏపాటిదనగా, మన గుణకారము చెప్పినదానికంటె నూటికి సుమారు అయిదు పాళ్ళు ఎక్కువ వాయువు సిలిండరులో ఉండును. తప్పు మనకు మేలు చేయు వైపుననే ఉన్నది గనుక ఆ రాత్రివేళ దానిని విడిచిపెట్టవచ్చును.

2021 వేసవిలో పత్రికలు చదివిన వారికి మరియొక చిక్కు ఎదురై ఉండును. ప్రభుత్వపు ప్రకటనలలో ప్రాణవాయువు టన్నులలో ఉండెను. ఆసుపత్రుల విన్నపములలో సిలిండర్లలో ఉండెను. వైద్యుని చీటిలో నిమిషమునకింత యని లీటర్లలో ఉండెను. ఆ సంవత్సరము ఏప్రిల్ 22వ తేదీన విశాఖపట్నపు ఉక్కు కర్మాగారమున ద్రవప్రాణవాయువు నింపుకొన్న ఏడు ట్యాంకర్లతో ఒక రైలు మహారాష్ట్రమునకు బయలుదేరెను. ఉక్కు కర్మాగారమునకు ప్రాణవాయువుతో నిత్యము పని ఉన్నది గనుక, గాలిని అతిశీతలము చేసి ద్రవముగా మార్చి దానినుండి ప్రాణవాయువును విడదీయు యంత్రములు అచ్చట ముందే ఉండినవి. ఒక్కొక్క టన్ను వచ్చుచున్నదని విన్నప్పుడు, దానితో ఎందరు ఊపిరి పీల్తురో ఇంట కూర్చున్నవారికి ఎట్లు తెలియును?

ఈ మూడు భాషలకును నడుమ దుబాసి మన సూత్రమే. ప్రాణవాయువు 32 గ్రాములు తూచినచో అందు ఒక మోలు, అనగా నియతమైన ఒక సంఖ్యలో అణువులున్నవి. 27 డిగ్రీల వద్ద, సాధారణ వాతావరణ పీడనమున ఒక మోలు వాయువు, అది ఏ వాయువైనను, 24.6 లీటర్లు ఆక్రమించును. ఇదియే అవొగాడ్రో మనకు మిగిల్చిపోయిన ఆస్తి. టన్ను అనగా పదిలక్షల గ్రాములు. 32తో భాగించిన 31,250 మోళ్ళు. 24.6తో గుణించిన సుమారు 7,70,000 లీటర్లు. పెద్ద సిలిండరును ముల్లు 150 వద్దకు వచ్చువరకు నింపినచో 7,050 లీటర్లు. కావున టన్ను ద్రవము సుమారు 109 పెద్ద సిలిండర్లకు సమానము. నిమిషమునకు 5 లీటర్లు వాడు రోగికి దినమునకు 7,200 లీటర్లు కావలెను, అనగా దినమునకు ఒక పెద్ద సిలిండరు, అరగంట తక్కువగా. ఒక్క టన్ను నూరుగురికి పైగా రోగులకు ఒక దినము చాలును. పత్రికలోని అంకె ప్రక్కన ఈ అంకెను వ్రాసికొన్నచో, టన్ను అనునది ఎంత పెద్దదో, ఎంత చిన్నదో రెండును తెలియును.

ఆరోగ్యవంతుడు విశ్రాంతిగా ఉన్నప్పుడు అతని దేహము వాడుకొను ప్రాణవాయువు నిమిషమునకు పావు లీటరు మాత్రమే. అట్లయినచో 5 లీటర్లెందుకని శ్రోతలు అడుగవచ్చును. మనము నిమిషమునకు పీల్చు గాలి ఆరేడు లీటర్లు. అందు ప్రాణవాయువు అయిదింట ఒక వంతు. చెడిన ఊపిరితిత్తులు ఆ పలుచని గాలి నుండి కావలసినంత గ్రహింపలేవు. పీల్చు గాలినంతటిని చిక్కబరచినగాని వానికి పావు లీటరు చిక్కదు. మిగిలినది గదిలోనికి పోవును. అది దుబారా కాదు. ధార ఎంత ఉండవలెనను నిర్ణయము వైద్యునిది. ఎంతసేపు వచ్చునను లెక్క మాత్రమే మనది.

ఇప్పుడు వంటయింటిలోనికి పోవుదము. ప్రాణవాయువు సిలిండరునకు నేర్చిన గుణకారమును వంటగ్యాసు సిలిండరునకు అన్వయించినచో మోసపోదుము. మన యిండ్లకు వచ్చు గ్యాసుబండలో 14.2 కిలోల సరకు ఉండును. దానిలోపలి చోటు 33 లీటర్లు. లోపలి పీడనము, మాటవరసకు, 6 వాతావరణములని అనుకొందము. గుణించినచో 200 లీటర్లు. కాని అందులోని సరకు ప్రొపేను, బ్యూటేనుల మిశ్రమము. ప్రొపేను 44 గ్రాములు, బ్యూటేను 58 గ్రాములు ఒక్కొక్క మోలు. 14,200 గ్రాములకు ఈ లెక్కన 245 నుండి 323 మోళ్ళు ఉండవలెను. వాయురూపమున అది 6,000 నుండి 8,000 లీటర్లు. గుణకారము చెప్పిన 200 ఎక్కడ, ఈ అంకె ఎక్కడ!

కారణమేమనగా, బండలో అయిదింట నాలుగు వంతులు ద్రవమున్నది. అణువులు అచ్చట ఒకదానినొకటి ఆనుకొని, గంపలోని కాయలవలె ఉన్నవి. అవొగాడ్రో మాట అచ్చట చెల్లదు. పైనున్న కొంచెము చోటులోనే వాయువున్నది. మనము పొయ్యి వెలిగించి వాయువును వాడుకొన్నకొలది ద్రవము మరిగి ఆ లోటును పూరించుచుండును. కావున ఆ బండకు ముల్లు బిగించినను, వేడిమి మారనంతవరకు అది నెలపొడుగునను ఇంచుమించు ఒక్కచోటనే నిలిచి, ద్రవము తీరిన పిదప ఒక్కసారిగా పడిపోవును. గృహిణులకు ఇది అనుభవమే. నిన్నటివరకు నిక్షేపముగా మండిన పొయ్యి నేడు చుట్టములు వచ్చిన వేళ చతికిలబడును. ఆ బండను తూచి చూడవలసినదే గాని వేరు మార్గము లేదు. ఖాళీ బరువు బండ మీదనే వ్రాసి ఉండును. తూచునది లేనివారు తడిగుడ్డతో బండను ప్రక్కగా తుడిచి చూతురు. ద్రవమున్న మేర తడి ఆలస్యముగా ఆరును. ఈ ఉపాయమును కనిపెట్టినవారెవరో గాని శాస్త్రమునకు విరుద్ధముగా లేదు.

ఇందులో ఒక వింత ఉన్నది. ఆసుపత్రి వరండాలో గొలుసుతో కట్టి నిలిపిన భుజమెత్తు సిలిండరులోను, మన వంటగట్టు క్రింద ఒదిగి కూర్చున్న గ్యాసుబండలోను అణువుల సంఖ్య ఇంచుమించు సమానము. పెద్ద సిలిండరులోని 7,050 లీటర్లు 287 మోళ్ళు. బండలోనివి 245కును 323కును నడుమ. ఒకటి 150 రెట్ల పీడనమును భరించుటకై మందమైన ఉక్కుతో చేయబడినది. రెండవది ద్రవముగా మారుట చేత చిన్న చోట తక్కువ పీడనమునకే ఇమిడినది. ప్రాణవాయువును కూడ అట్లే ద్రవము చేసి ఇంటింటికి పంపరాదా యందురేమో. మైనస్ 118 డిగ్రీలకు పైని ఎంత అణచినను ప్రాణవాయువు ద్రవము కాదు. అందుకే విశాఖపట్నము నుండి పోయిన ట్యాంకర్లు చలిని నిలుపుకొనుటకు రెండు గోడలు గల ఫ్లాస్కుల వంటివి.

సోడాల వ్యాపారి తెచ్చుకొను బొగ్గుపులుసు వాయువు ఈ రెండింటికిని మధ్యస్థము. దానికి హద్దు 31 డిగ్రీలు. చలికాలమున ఆ సిలిండరులో ద్రవమున్నది, వేసవిలో లేదు. ఒకే సిలిండరు పుష్యమాసములో వంటగ్యాసు ధర్మమును, వైశాఖములో దాదాపు ప్రాణవాయువు ధర్మమును పాటించును. అందుచేత దానిని తూచి కొనుట ఉత్తమము.

వంటయింట ఉన్నప్పుడే అవొగాడ్రో మాటను మరియొక పనికి వాడుకొందము. సమానమైన చోటులో సమానసంఖ్య అణువులున్నచో, వాయువుల బరువులను పోల్చుటకు ఒక్కొక్క మోలు బరువును చూచిన చాలును. గాలి సగటున 29. వంటగ్యాసు 44 నుండి 58. అనగా గాలికంటె ఒకటిన్నర నుండి రెండు రెట్లు బరువు. కారిన గ్యాసు నేలనంటి ప్రాకి, గడప క్రిందను, గట్టు అడుగునను నిలిచి ఉండును. పైనున్న కిటికీ ఒక్కటి తెరచిన చాలదు, తలుపులు బారుగా తీయవలెను. కొన్ని పట్టణములలో గొట్టముల ద్వారా ఇండ్లకు వచ్చుచున్న సహజవాయువు ఇందుకు విరుద్ధము. అది ముఖ్యముగా మీథేను, మోలుకు 16. అది పైకప్పునంటును. ఒకదానికి అలవాటుపడిన యింట రెండవది ప్రవేశించినప్పుడు ఈ భేదమును ఇంటిల్లపాది తెలిసికొనవలెను.

తిరిగి ఉత్తరమునకు వత్తము. ఆ శ్రోతకు మేము వ్రాసిన జాబులో ఈ చరిత్రయంతయు లేదు. సిలిండరు లోపలి చోటు ఎన్ని లీటర్లో అది తెచ్చిననాడే అడిగి తెలిసికొని, సుద్దముక్కతో దాని ఒంటి మీదనే వ్రాయుమంటిమి. ముల్లు చూపు అంకెతో దానిని గుణించి, నిమిషపు ధారతో భాగించినచో నిమిషములు వచ్చును. 60తో భాగించిన గంటలు. వచ్చిన గంటలలో అయిదవ వంతు తీసివేసి, ఆ వేళకు ముందే మారు సిలిండరు ఇంటికి చేరునట్లు చూచుకొనవలెను. ముల్లు సన్నని అంకెలను సరిగా చూపదు, ధారను చూపు బుడ్డియు అట్టిదే. బిగింపుల వద్ద కొంత కారును. వాల్వునకు నూనెగాని, జిడ్డుచేతులుగాని తగులనీయరాదు. దీపము, అగరువత్తి ఆ గదిలో వెలిగింపరాదు.

ఆయన జాబునకు జాబు వచ్చినది. అందు ఒక చిన్న సందేహము. "ముల్లు సున్నకు దిగినప్పుడు లోపల ఏమియు లేనట్లేనా?" కాదు. ముల్లు చూపునది వెలుపలి గాలికంటె అధికముగా ఉన్న పీడనమును మాత్రమే. అది సున్న అయినప్పుడు లోపలి పీడనము వెలుపలి గాలి పీడనముతో సమానము. పెద్ద సిలిండరులో అప్పుడును 47 లీటర్ల ప్రాణవాయువు, సుమారు 61 గ్రాములు ఉన్నది. త్రోయువారు లేరు గనుక వెలుపలికి రాదు. కాని వాల్వును తెరచి విడిచినచో గదిలోని గాలియు, దానితో తేమయు మెల్లగా లోనికి చేరి, ఉక్కు త్రుప్పుపట్టును, మరునాటి ప్రాణవాయువు కలుషితమగును. అందుచేత ముల్లు సున్నకు రాకమునుపే, కొంచెము పీడనము మిగిలి ఉండగనే వాల్వును బిగించి తిరిగి పంపవలెనని నింపువారు కోరుదురు.